సంతకం సర్పంచిది, తాళంచెవి ఎవరిది?

ఊళ్లో ఏ పని ఆగినా తిట్టు ముందు తగిలేది సర్పంచికే. వీధి దీపం వెలగకపోయినా, మురుగు కాలువ పొంగినా, కుళాయిలో రెండు రోజులు నీళ్లు రాకపోయినా జనం కలెక్టరు కార్యాలయం దాకా వెళ్లరు. పొద్దున్నే సర్పంచి గుమ్మం ముందు నిలబడతారు. పళ్లు తోముకుంటున్న మనిషిని ఆపి మరీ నిలదీస్తారు. అలా నిలదీయించుకునే హక్కు కోసం ఊరూరా లక్షల రూపాయలు ఖర్చవుతాయి, అన్నదమ్ములు విడిపోతారు, ఇరవై ఏళ్ల స్నేహాలు తెగిపోతాయి.

జీతం కోసమా అంటే అదీ కాదు. తెలంగాణలో సర్పంచి గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. 2021లో 30 శాతం పెంచితే అక్కడికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి 3,000 దగ్గరే నిలిచింది. తెలంగాణ సర్పంచికి ఐదేళ్లకు కలిపి వచ్చేది 3,90,000. అక్కడ 5,000 జనాభా దాటిన పంచాయతీలో అభ్యర్థి పెట్టుకోదగ్గ ఎన్నికల ఖర్చు 2,50,000, అంతకు తక్కువ జనాభా ఉంటే 1,50,000. ఆ గీత దాటని అభ్యర్థులు ఎంతమందో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

మరి ఆ పదవిలో ఏముంది? ఉన్నదంతా నిజంగా సర్పంచి చేతిలోనే ఉందా? రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక సర్పంచి ప్రయాణాన్ని నామినేషన్‌కు ముందు నుంచి మాజీ అయ్యాక ఆడిట్ నోటీసు అందుకునే దాకా వరుసగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. బాధ్యత మొత్తాన్నీ చట్టం సర్పంచి పేరు మీద రాసింది. తాళంచెవులను మాత్రం పైవాళ్ల దగ్గరే ఉంచింది. ఊరి రాజకీయంలో వింతగా కనిపించే చాలా విషయాలకు మూలం ఇదే.

పోటీకి ముందే సగం తీర్పు

సర్పంచి భవిష్యత్తును మొదట తేల్చేది ఓటరు కాదు, రిజర్వేషన్ల జాబితా. రాజ్యాంగంలోని 243-డి అధికరణం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో, మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించాలి. ఆ స్థానాలు వంతులవారీగా మారుతూ ఉండాలి. మహిళల వాటాను ఉమ్మడి రాష్ట్రంలోనే 50 శాతానికి పెంచారు. బీసీల సంగతిని మాత్రం రాజ్యాంగం రాష్ట్రాలకు వదిలేసింది. కోర్టుల్లో నలుగుతున్నది ఆ భాగమే.

స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాలకే మినహాయింపు. అప్పటినుంచి ఏ ప్రభుత్వం వచ్చినా అదే గోడకు తల కొట్టుకుంటోంది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 59.85 శాతం రిజర్వేషన్ల ఉత్తర్వును కొట్టేసింది, దాంతో బీసీల వాటా 34 నుంచి 24 శాతానికి పడిపోయింది. 2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం బీసీలకు 42 శాతం ఇస్తూ తెచ్చిన జీవో మీద హైకోర్టు స్టే ఇచ్చింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. చివరికి పాత పరిమితిలోనే డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి.

ఈ కోర్టు కథ పత్రికల మొదటి పేజీల్లో వస్తుంది. ఊళ్లో దాని ప్రభావం మరో రకంగా ఉంటుంది. ఈసారి జనరల్ స్థానం నుంచి గెలిచిన వ్యక్తి ఐదేళ్లు బాగా పనిచేశాడనుకుందాం. వచ్చేసారి ఆ ఊరు బీసీ మహిళకో, ఎస్సీ జనరల్‌కో వెళ్లిపోవచ్చు. మంచిగా చేసినవాడిని మళ్లీ గెలిపించే అవకాశం ఓటరుకు లేదు, చెడ్డగా చేసినవాడిని ఓడించే అవకాశమూ లేదు. వంతులు తిప్పకపోతే తరతరాలుగా రచ్చబండ ఎక్కని ఇళ్లకు ఆ కుర్చీ ఎప్పటికీ దక్కదు కాబట్టి ఆ ఏర్పాటును తప్పు పట్టలేం. అయితే దాని ఖరీదు కూడా తెలిసి ఉండాలి. మళ్లీ పోటీ చేస్తానో లేదో తెలియనివాడికి ఐదేళ్ల తర్వాతి పేరు కంటే ఈ ఐదేళ్లలో పెట్టిన పెట్టుబడే ముఖ్యమవుతుంది.

గుర్తు లేదు, కండువా ఉంది

సర్పంచి ఎన్నిక పార్టీలకు అతీతం. ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుడు), జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుడు) స్థానాలకు పార్టీ గుర్తుల మీద పోటీ చేస్తారు, సర్పంచికి ఆ వీలు లేదు. ఎన్నికల సంఘం ముందే ప్రకటించిన స్వేచ్ఛా గుర్తులుంటాయి. బరిలో మిగిలిన అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి గుర్తులను వరసగా ఇచ్చేస్తారు. తెలంగాణలో ఆ వరసలో ముందుండేవి ఉంగరం, కత్తెర. పేరు ‘అ’తోనో ‘ఆ’తోనో మొదలైతే ఉంగరం దక్కడం దాదాపు ఖాయం. సర్పంచికి గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్లది. మధ్యాహ్నం ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటి నుంచి లెక్కింపు. రాత్రయ్యేసరికి ఫలితమూ, ఉప సర్పంచి ఎన్నికా రెండూ ముగుస్తాయి.

ఆ మర్నాడు పార్టీలు తమ లెక్కలు విడుదల చేస్తాయి. ‘మా మద్దతుదారులు’ అన్న మాటకు ఆ రోజు ఉండే విలువ మరే రోజూ ఉండదు. ప్రధాన పార్టీలు చెప్పిన సంఖ్యలను కలిపి చూస్తే కొన్నిసార్లు రాష్ట్రంలో ఉన్న పంచాయతీల కంటే ఎక్కువ తేలుతాయి. చట్టం పార్టీని గుమ్మం బయట ఆపింది గానీ ఎమ్మెల్యే ఆశీస్సులను ఆపలేదు. నామినేషన్ వేసేటప్పుడే పోటీలో ఉన్నవాడు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు.

ఏకగ్రీవాలది మరో కథ. పోటీ లేకుండా ఎన్నుకుంటే ఊరికి ప్రోత్సాహక నిధులిస్తామని ప్రభుత్వాలు ఆశ పెడతాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రకటించింది. ఊరంతా కలిసి ఒక మాట అనుకుంటే మంచిదే. కానీ చాలాచోట్ల ఆ మాట గుడి దగ్గర పాటలో తేలుతుంది. గుడికి ఇంత, బడికి ఇంత అని ఎవరు ఎక్కువ పాడితే పదవి వాళ్లది. వేలం పాట చెల్లదని ఎన్నికల సంఘం ప్రతిసారీ హెచ్చరిస్తుంది, పాట ప్రతిసారీ జరుగుతూనే ఉంటుంది. పాటలో పదవి దక్కించుకున్నవాడు ఊరికి సేవకుడు అవుతాడా, ఊరికి అప్పిచ్చినవాడు అవుతాడా అన్నది ఆలోచించాల్సిన విషయం.

చెక్ పవర్ అనే మాయ

ఇక అసలు సంగతి. ఊళ్లో సర్పంచి అనగానే గుర్తొచ్చేది చెక్ పవర్. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచి, పంచాయతీ కార్యదర్శి కలిసి సంతకం చేస్తారు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ఆ జంటను మార్చి, సర్పంచితో పాటు ఉప సర్పంచికి సంతకం అధికారం ఇచ్చింది. ఒకరి మీద మరొకరు కన్నేసి ఉంచుతారన్నది ఉద్దేశం కావచ్చు. ఆచరణలో ఉప సర్పంచి పదవికి కూడా ఊళ్లో ధర పెరిగింది. వార్డు సభ్యులను గెలిచిన సాయంత్రమే కారెక్కించి తిప్పే ముచ్చట అందుకే. ఇద్దరూ వేర్వేరు వర్గాల వాళ్లయితే ఒక్క సంతకం కోసం పారిశుద్ధ్య కార్మికుల జీతం కూడా ఆగిపోతుంది.

ఆ చెక్కు డబ్బుగా మారే దారి ఎలా ఉంటుందో ఒక సిమెంటు రోడ్డు తీసుకుని చూద్దాం. కాలనీలో వంద మీటర్ల రోడ్డు. ముందు పంచాయతీ తీర్మానం. దాని మీద పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, అంచనా తయారు చేస్తాడు. పని విలువను బట్టి పై ఇంజినీరు సాంకేతిక మంజూరు ఇస్తాడు. ఏ పద్దు కింద డబ్బు వస్తుందో ఆ పద్దు చూసే అధికారి పాలనా మంజూరు ఇస్తాడు. ఇవన్నీ అయ్యాక పని మొదలవుతుంది. ఆపాటికి పంచాయతీ ఖాతాలో డబ్బు ఉండదు. కంకర, ఇసుక, సిమెంటు సర్పంచి మాట మీద అరువుకు వస్తాయి. కూలీలకు మాత్రం ఆ వారం డబ్బు ఆ వారమే ఇవ్వాలి, అది సర్పంచి జేబులోంచో, వడ్డీకి తెచ్చిన సొమ్ములోంచో పోతుంది. కాగితం మీద గుత్తేదారు పేరు ఎవరిదైనా, చాలా ఊళ్లలో పని చేయించేది సర్పంచే.

రోడ్డు పూర్తయ్యాక ఏఈ వచ్చి పొడవు, వెడల్పు, మందం కొలిచి ఎంబీలో రాస్తాడు. ఎంబీ అంటే కొలతల పుస్తకం. ఊళ్లో సర్పంచి నోటి వెంట రోజుకు పదిసార్లు వినిపించే మాట అది. ‘ఎంబీ అయిందా?’ అన్న ప్రశ్నకు అవునన్న జవాబు రాకపోతే, ఆ రోడ్డు మీద ట్రాక్టర్లు తిరుగుతున్నా ప్రభుత్వ లెక్కలో ఆ రోడ్డు లేనట్టే. ఏఈ రాసినదాన్ని ఆయన పై అధికారి డీఈ వచ్చి సరిచూడాలి. ఆ తర్వాత బిల్లు తయారవుతుంది. తెలంగాణలో అయితే రెండు సంతకాలు పడిన చెక్కు ఉప ఖజానా కార్యాలయానికి, అదే ఎస్‌టీవోకు చేరుతుంది. అక్కడ ఒక టోకెన్ నంబరు ఇస్తారు. ఇక నిరీక్షణ. ఖజానాపై ఆంక్షలు ఉంటే, అంటే ఫ్రీజింగ్ ఉంటే, ఖాతాలో అంకె కనిపిస్తుంది గానీ రూపాయి కదలదు. ఆర్థిక సంవత్సరం మారితే కొన్ని బిల్లులు వెనక్కి వస్తాయి, మళ్లీ మొదటి నుంచి.

చెక్కు మీద సంతకం చేసేవాడికి ఆ చెక్కు ఎప్పుడు మారుతుందో తెలియదు. ఎప్పుడు మారాలో నిర్ణయించేది రాష్ట్ర రాజధానిలోని ఆర్థిక శాఖ.

2019 సెప్టెంబరులో తెలంగాణలో పల్లె ప్రగతి మొదలైంది. ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక), ప్రకృతి వనం. ఊళ్ల రూపం మారిన మాట నిజం, కాదనడానికి లేదు. గడువు పెట్టి, కలెక్టర్లతో తనిఖీలు చేయించి, పూర్తి చేయని సర్పంచులకు నోటీసులు ఇచ్చారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టంలోనే రాశారు, లేకపోతే సర్పంచి పదవికీ, కార్యదర్శి ఉద్యోగానికీ ముప్పు. పని చేయించేటప్పుడు చూపిన ఆ వేగం బిల్లు చెల్లించేటప్పుడు మాయమైంది. వైకుంఠధామాల వంటి వాటిని ఉపాధి హామీ సామగ్రి పద్దుతో ముడిపెట్టారు, ఆ సొమ్ము కేంద్రం నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి కిందికి రావడానికి నెలలు పట్టింది. 2024 జనవరి ఆఖరుకు వాళ్ల పదవీకాలం ముగిసింది. బిల్లులు మిగిలాయి. మాజీ సర్పంచులు హైదరాబాదులో ధర్నాలు చేశారు, అరెస్టయ్యారు, పొలాలు అమ్ముకున్నామని మొరపెట్టుకున్నారు. ఈ బకాయిలు ఒక ప్రభుత్వ హయాంలో పుట్టి మరో ప్రభుత్వ హయాంలోకి వచ్చాయి. ఎవరి తప్పు ఎంత అన్న వాదన శాసనసభలో ఎంతసేపైనా సాగుతుంది, సిమెంటు దుకాణంవాడికి ఆ వాదనతో పని లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం. 2021లో గెలిచిన సర్పంచులు కొన్ని నెలలకే ఖాతాలు చూసుకుని నివ్వెరపోయారు. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు వచ్చిన ఆనవాలు ఉంది, నిధులు లేవు. పంచాయతీలు డిస్కంలకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలకు, పడిన బకాయిల కింద ప్రభుత్వం ఆ సొమ్మును సర్దుబాటు చేసింది. బకాయి ఉన్న మాట నిజమే కావచ్చు. వీధి దీపాలకూ, నీటి మోటార్లకూ కరెంటు వాడింది పంచాయతీయే. అయితే ఖాతాదారుకు ముందు చెప్పకుండా ఖాతాలోంచి డబ్బు తీసుకోవచ్చా అన్నది ప్రశ్న. అధికార పార్టీ మద్దతుతో గెలిచిన సర్పంచులు కూడా రోడ్డెక్కడం ఆ రోజుల్లో జరిగిన అరుదైన సంగతి.

ఆర్థిక సంఘం నిధులకు ఉన్న కట్టుబాట్లు కూడా చెప్పుకోవాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26 మధ్య దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు, అదీ జీతాలకు వాడకూడదు. ఇంటి పన్ను సరిగా వసూలు కాని చిన్న పంచాయతీలో సర్పంచి తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టగలిగేది ఆ చిన్న ముక్కే. అంతోటి స్వేచ్ఛ కోసం ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ప్రణాళిక ఎక్కించాలి, డిజిటల్ సంతకం కీ సంపాదించాలి, ఆ కీ పనిచేయకపోతే మండల కార్యాలయం చుట్టూ తిరగాలి.

29 అంశాలు, అరడజను పనులు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పదకొండో షెడ్యూల్లో వ్యవసాయం, చిన్ననీటి వనరుల నుంచి ప్రాథమిక విద్య, ఆరోగ్యం, ప్రజాపంపిణీ దాకా 29 అంశాలున్నాయి. వాటిని పంచాయతీలకు ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది రాష్ట్ర శాసనసభ చేతిలో పెట్టింది 243-జి అధికరణం. ‘ఇవ్వవచ్చు’ అంది, ‘ఇవ్వాలి’ అనలేదు. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు మళ్లించింది. 1959లోనే, రాజస్థాన్ తర్వాత అందరికంటే ముందు పంచాయతీరాజ్ తెచ్చుకున్నామని చెప్పుకునే మనం మాత్రం నీళ్లు, దీపాలు, చెత్త, కాలువలు, జనన మరణ ధ్రువపత్రాలు, ఇళ్ల అనుమతుల దగ్గర ఆగిపోయాం. బడి పంతులు, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ, వ్యవసాయ విస్తరణాధికారి ఎవరి శాఖకు వాళ్లు జవాబుదారీ. వాళ్లు రాకపోతే జనం అడిగేది సర్పంచినే.

ఉన్న ఆ కాస్త చోటులోనూ ప్రతి ప్రభుత్వమూ సర్పంచి పక్కన ఇంకో కుర్చీ వేస్తూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత జన్మభూమి కమిటీలు పింఛన్ల లబ్ధిదారులను తేల్చాయి. 2019 తర్వాత వాలంటీర్లు, గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఊరి మధ్యలో పెద్ద సచివాలయ భవనం కట్టినా, దానిలోని సిబ్బంది మీద సర్పంచికి ఉన్న అధికారాలను 2021 మార్చి 25న ఒక జీవోతో వీఆర్వోలకు బదలాయించబోయారు. సర్పంచులు అప్పటికి ఎన్నికయ్యారు గానీ ఇంకా కుర్చీ ఎక్కలేదు, ఏప్రిల్ 3న బాధ్యతలు తీసుకున్నారు. హైకోర్టు ఆ జీవో అమలును నిలిపేసింది. తెలంగాణలో 2024లో ఇందిరమ్మ కమిటీలు వేశారు. రంగులు వేరు, పేర్లు వేరు, లోపలి ఆలోచన ఒకటే. ఎవరికి ఇల్లు, ఎవరికి పింఛను అన్న నిర్ణయం ఎమ్మెల్యే గీసిన గీత దాటి ఊళ్లోకి వెళ్లకూడదు. ఎందుకంటే ఆ నిర్ణయంలోనే ఓట్లు ఉంటాయి.

దించేది ఎవరు?

సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. దించాలంటే మాత్రం ఓటరుకు దారి లేదు. హరియాణా 2020లో సర్పంచిని వెనక్కి పిలిచే హక్కును గ్రామస్థులకు ఇచ్చింది. మన దగ్గర అది లేదు. అవిశ్వాస తీర్మానం ఉప సర్పంచి, మండల అధ్యక్షుడు, జడ్పీ చైర్మన్ వంటి పరోక్షంగా ఎన్నికైన వాళ్ల మీదే పెట్టగలరు. సర్పంచి మీద వేటు వేసేది కలెక్టరు. నిధుల దుర్వినియోగం, విధుల్లో నిర్లక్ష్యం, ఆదేశాలను పట్టించుకోకపోవడం వంటి కారణాలతో నోటీసు ఇచ్చి, వివరణ తీసుకుని తొలగించవచ్చు. విచారణ సాగుతుండగా సస్పెండ్ చేయవచ్చు. ఆ మధ్యకాలంలో ఉప సర్పంచి కుర్చీ ఎక్కుతాడు. గ్రామసభలు పెట్టకపోయినా, లెక్కలు ఆడిట్ చేయించకపోయినా పదవి పోయే నిబంధనలు వేరే ఉన్నాయి.

ప్రజా ధనం తిన్నవాడిని ఎన్నికైనవాడని వదిలేయలేం, కాబట్టి ఎవరో ఒకరికి ఆ అధికారం ఉండాలి. చిక్కంతా అది ఎవరి మాట మీద కదులుతుందన్న దగ్గరే. ఊరి వర్గాల్లో ఒకటి ఎమ్మెల్యేది అయితే, రెండోదాని సర్పంచి మీద ఫిర్యాదు త్వరగా విచారణకు వస్తుంది. సొంత వర్గం సర్పంచి మీద వచ్చిన ఫిర్యాదు అల్మారాలో చేరుతుంది. అందుకే ఎన్నికల తర్వాత ప్రభుత్వం మారగానే ఊళ్లలో కండువాలు మారతాయి. దాన్ని సిద్ధాంతం లేని రాజకీయం అని తేలిగ్గా కొట్టిపారేస్తాం గానీ, బిల్లు ఖజానాలో, ఫైలు కలెక్టరేట్‌లో ఉన్న మనిషికి సిద్ధాంతం ఎంత బరువో ఆలోచించాలి.

పై మెట్టు

ఊరి పదవి పెద్ద రాజకీయానికి తొలి మెట్టు అంటారు. అది కొందరి విషయంలో నిజమే. మహారాష్ట్రలో విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ బాభల్‌గావ్ సర్పంచిగా మొదలై ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి తొలి గెలుపు 2006లో మిడ్జిల్ జడ్పీటీసీగా, స్వతంత్ర అభ్యర్థిగా. మరుసటి ఏడాదే స్థానిక సంస్థల నియోజకవర్గం నుంచి, మళ్లీ స్వతంత్రుడిగానే, శాసనమండలికి వెళ్లారు. 2009లో కొడంగల్ ఎమ్మెల్యే.

ఈ రెండో ఉదాహరణలో చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. స్థానిక సంస్థల ఎమ్మెల్సీని ఎన్నుకునేది ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, పురపాలక సభ్యులు. ఆ ఓటర్ల జాబితాలో తెలుగు రాష్ట్రాల సర్పంచులకు చోటు లేదు. కర్ణాటకలో గ్రామ పంచాయతీ సభ్యులకు కూడా ఆ ఓటు ఉంది, అందుకే అక్కడ మండలి ఎన్నికలొస్తే పార్టీల పెద్దలు పంచాయతీ సభ్యుల గడప తొక్కుతారు. ఇక్కడ మూడు నాలుగు వేల మంది ఓటర్లు నేరుగా ఎన్నుకున్న సర్పంచికి లేని ఓటు, అదే ఊరి ఎంపీటీసీకి ఉంటుంది. ఎంపీటీసీకి ఊళ్లో చెప్పుకోదగ్గ పనీ, నిధీ లేవు గానీ ఓటు ఉంది. సర్పంచికి పని ఉంది, ఓటు లేదు. విదేశీ విహారాలూ, శిబిరాలూ ఎంపీటీసీల కోసం పెడతారు గానీ సర్పంచుల కోసం పెట్టకపోవడానికి కారణం ఇది. నాకైతే పంచాయతీరాజ్‌లో సర్పంచి స్థానం ఏమిటో చెప్పడానికి ఈ ఒక్క నిబంధన చాలనిపిస్తుంది.

మెట్టెక్కడంలో మహిళా సర్పంచులది మరింత కష్టం. స్థానాల్లో సగం వాళ్లవే. ఫ్లెక్సీలో పేరు ఆమెది, ఫొటో ఇద్దరిది, మండల సమావేశంలో కుర్చీ భర్తది. సర్పంచి భర్తల పెత్తనం మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో వేసిన కమిటీ, 2025లో ఇచ్చిన నివేదికలో కఠిన జరిమానాలు ఉండాలని సూచించింది. మంచిదే. కానీ భర్తను నిలబెట్టి నిలదీయాల్సిన మండల అధికారే, ఫోను చేయాల్సి వస్తే ముందు చేసేది ఆయన నంబరుకే. ఇంతటిలోనూ మొదటిసారి భర్త నీడలో గెలిచి, రెండేళ్లకు ఎంబీ లెక్క తనే చూసుకోవడం నేర్చుకుని, ఏఈని ఫోనులో తనే నిలదీసే మహిళలు కనిపిస్తున్నారు. వచ్చేసారి స్థానం జనరల్ అయితే వాళ్లలో ఎంతమందికి మళ్లీ అవకాశం ఇస్తారన్నది వేరే సంగతి.

మాజీ అయ్యాక

ఓడినా గెలిచినా ఫలితాల తర్వాత 45 రోజుల్లో ఎన్నికల ఖర్చు లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. ఓడినవాళ్లు చాలామంది ఆ కాగితాన్ని పట్టించుకోరు, తర్వాతి ఎన్నికల్లో పరిశీలన బల్ల దగ్గర అది గుర్తొస్తుంది. పదవిలో ఉన్నప్పటి ఖర్చుల మీద ఆడిట్ అభ్యంతరాలు ఆలస్యంగా వస్తాయి. రసీదు లేని బ్లీచింగ్ పౌడర్ సంచులు, తీర్మానం లేని మోటారు మరమ్మతు లాంటివి. సొమ్ము తిరిగి కట్టమని నోటీసు మాజీ సర్పంచి ఇంటికే వెళ్తుంది. ప్రభుత్వం నుంచి తనకు రావాల్సిన బిల్లు ఆగి ఉండగా, తాను కట్టాల్సిన సొమ్ముకు నోటీసు అందుకున్నవాళ్లూ ఉంటారు.

ఆ లోగా ఊరికి ఎవరు దిక్కు? ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు జరిపించాలని 243-ఇ అధికరణం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో ముగిసిన పాలకవర్గాల స్థానంలో కొత్తవి వచ్చింది 2021లో. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ప్రత్యేకాధికారులే నడిపారు. ఒక్కో అధికారికి రెండు మూడు ఊళ్లు, పైగా సొంత శాఖ పని. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి కాబట్టి ఆ రెండేళ్లలో తెలంగాణ పల్లెలు నష్టపోయింది పాలకులనే కాదు, డబ్బును కూడా. పంచాయతీ కార్యదర్శులు సొంత డబ్బుతో ట్రాక్టరుకు డీజిల్ పోయించిన ఊళ్లున్నాయి. సర్పంచి జేబు లేకపోయేసరికి ఆ భారం ఇంకో చిన్న ఉద్యోగి జేబు మీద పడింది.

ఇప్పుడు వంతు ఆంధ్రప్రదేశ్‌ది. 2021 ఏప్రిల్ 3న కుర్చీ ఎక్కిన సర్పంచుల ఐదేళ్ల గడువు 2026 ఏప్రిల్ మొదటి వారం దాకానే. 16వ ఆర్థిక సంఘం కాలం మొదలయ్యేది 2026 ఏప్రిల్ 1న. పాలకవర్గం ఉంటేనే నిధులన్న షరతు ఇకముందూ ఉంటే, ఎన్నికలు ఆలస్యమైన ప్రతి నెలకూ కొత్త ఆర్థిక సంఘం తొలి ఏడాది వాటాలో పల్లెలకు చిక్కే. రిజర్వేషన్ల లెక్క ఎప్పుడు తేలుతుందో, నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో చెప్పాల్సింది సర్పంచులు కారు. ఈలోగా కుళాయిలో నీళ్లు రాకపోతే జనం వెళ్లేది మాత్రం నిన్నటి సర్పంచి గుమ్మం ముందుకే.